కింగ్స్ క్రాస్‌లో పట్టు విడుపులు: ఒక ప్లానర్ కేస్ స్టడీ

పాతబడి దెబ్బతిన్న పేటలను మళ్లీ నిలబెట్టడానికి ప్లానింగ్ గైడెన్స్, అంటే ఎక్కడ ఏది ఎలా కట్టవచ్చో చెప్పే మార్గదర్శక పత్రాలు, రాయడం నా పని. నేను రాసిన మొదటి ఫ్రేమ్‌వర్క్‌లో అన్నీ గీసేశాను. ఏ మూల ఎన్ని అంతస్తులు, ఏ వీధిలో కింద దుకాణాలు, స్కూలు ఎక్కడ, పార్కులో నడకదారి ఎటు వంపు తిరగాలి, అన్నీ. ప్రదర్శన పెడితే జనం ఆ బొమ్మల ముందు ఆగి ఫోటోలు తీసుకున్నారు. ఆ తర్వాత స్కూలు గీసిన స్థలం యజమాని అమ్మనన్నాడు, వస్తానన్న డెవలపర్ మార్కెట్ పడిపోగానే వెనక్కి తగ్గాడు, అతని బదులు వచ్చినవాళ్లు మా బొమ్మలో లేనిది అడిగారు. దానికి సరే అనడానికి గానీ కుదరదు అనడానికి గానీ మా డాక్యుమెంట్‌లో ఒక్క వాక్యం కూడా దొరకలేదు. బొమ్మ ఉంది, నియమం లేదు.

ఆ దెబ్బ తర్వాతే లండన్‌లోని కింగ్స్ క్రాస్ కాగితాలు వరసపెట్టి చదవడం మొదలుపెట్టాను. ఆ ప్రాజెక్టులో నేను పనిచేయలేదు. కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) రాసిన బ్రీఫ్, అంటే ఆ స్థలంలో ఏం కావాలో చెప్పే గైడెన్స్ పత్రం, డెవలపర్ ప్రచురించిన పుస్తకాలు, అనుమతి పత్రం చదివి, వాటిని చేతిలో పెట్టుకుని ఆ వీధుల్లో తిరిగి, ఏ వాక్యం ఏ గోడగా మారిందో, ఏ వాక్యం ఎక్కడా కనబడకుండా పోయిందో చూశాను. ఈ కేస్ నుంచి నేను తీసుకున్నది ఒక్కటే మాట: ఏది బిగించి పట్టుకోవాలో, ఏది వదిలేయాలో ముందే తేల్చుకుని, పట్టుకున్నదాన్ని సరైన డాక్యుమెంట్‌లో కట్టేయాలి. కింగ్స్ క్రాస్‌లో వీధుల విషయంలో ఇది అద్భుతంగా జరిగింది. ఇళ్ల విషయంలో జరగలేదు. రెండూ రాస్తాను.

ముందు ఆ స్థలం గురించి

కింగ్స్ క్రాస్, సెయింట్ పాంక్రాస్ స్టేషన్ల వెనకాల ఉన్న రైల్వే భూములు ఇవి. సుమారు 67 ఎకరాలు. మధ్యలో 1820లో పూర్తయిన రీజెంట్స్ కెనాల్. 1852లో స్టేషన్‌తో పాటు లూయిస్ క్యూబిట్ కట్టిన గ్రానరీ, అంటే ధాన్యం గోదాము. పక్కన బొగ్గు దింపే షెడ్లు, గ్యాస్‌హోల్డర్లు (గ్యాస్ నిల్వ చేసే పెద్ద ట్యాంకులు). లండన్‌కు బొగ్గు, ధాన్యం, కూరగాయలు దిగిన చోటు ఇది. సరుకు రవాణా రోడ్ల మీదికి మారాక ఇక్కడ పని తగ్గిపోయింది, షెడ్లు ఖాళీ అయ్యాయి. కొన్నింట్లో చిన్న వర్క్‌షాపులు, తర్వాత నైట్‌క్లబ్బులు వచ్చాయి. బయటివాళ్లు దీన్ని పనికిరాని భూమి అన్నారు. ఆ అద్దెల్లోనే బతికినవాళ్లకు మాత్రం అది చాలా పనికొచ్చింది. గైడెన్స్ రాసేవాళ్లం "ఖాళీ" అనే మాట వాడేముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

1980ల చివర్లో మొదటి పెద్ద ప్రణాళిక వచ్చింది. రోజ్‌హా స్టాన్‌హోప్ నాయకత్వంలో ఒక కంపెనీల కూటమి, నార్మన్ ఫోస్టర్ మాస్టర్ ప్లాన్. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో పెద్ద పార్కు, ఆఫీసులు ప్రధానం. స్థానికులు 1987లోనే కింగ్స్ క్రాస్ రైల్వే లాండ్స్ గ్రూప్‌గా ఏర్పడి ప్రత్యామ్నాయాలు అడిగారు. ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. ఈలోగా ఆఫీసుల మార్కెట్ కూలింది, 1992లో రోజ్‌హా కంపెనీ మునిగిపోయింది, ప్లాన్ కూడా దాంతోనే పోయింది. ఆ ప్లాన్ డిజైన్ బాగుందా లేదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. అది ఒకే రకం మార్కెట్ మీద, ఒకే పూర్తి బొమ్మ మీద నిలబడింది. మార్కెట్ జారగానే అందులో మిగుల్చుకోదగిన ముక్క అంటూ ఏదీ లేకుండా పోయింది. నా మొదటి ఫ్రేమ్‌వర్క్‌కు జరిగింది కూడా చిన్న స్థాయిలో ఇదే.

1996లో ఛానల్ టన్నెల్ రైల్వే చట్టం వచ్చి, యూరప్ రైళ్లు సెయింట్ పాంక్రాస్‌కు వస్తాయని ఖాయమయ్యింది. దాంతో కథ మారింది. భూమి ప్రధానంగా ఇద్దరి చేతిలో ఉంది, లండన్ అండ్ కాంటినెంటల్ రైల్వేస్, ఎక్సెల్. (ఎక్సెల్ తర్వాత డీహెచ్‌ఎల్‌లో కలిసింది.) వాళ్లు ఆర్జెంట్ అనే డెవలపర్‌ను భాగస్వామిగా ఎంచుకున్నారు. ఇద్దరే యజమానులు, ఒకే డెవలపర్, ఎక్కువ భాగం ఒకే కౌన్సిల్, కామ్డెన్, పరిధిలో. ఈ అదృష్టం చిన్నది కాదు, దీని గురించి చివర్లో మళ్లీ చెబుతాను.

బొమ్మకంటే ముందు మాటలు

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది డాక్యుమెంట్లు వచ్చిన వరస.

2001 జూలైలో ఆర్జెంట్, భూయజమానులు కలిసి ఒక చిన్న పుస్తకం తెచ్చారు, "ప్రిన్సిపల్స్ ఫర్ ఎ హ్యూమన్ సిటీ". పది సూత్రాలు. మొదటి సూత్రమే గట్టి పట్టణ చట్రం, అంటే వీధులు, చౌకులు, వాటి కలయిక. అందులో భవనాల డిజైన్ లేదు. డెవలపర్ ముందుగా బొమ్మ చూపించకుండా తను దేనికి కట్టుబడతాడో రాసి, "దీన్ని విమర్శించండి" అన్నాడు. అదే ఏడాది చివర్లో పారామీటర్ల (పరిమితుల) గురించి ఇంకో పుస్తకం, 2002లో ఫ్రేమ్‌వర్క్ గురించి మరోటి వచ్చాయి. మరోవైపు కామ్డెన్ కౌన్సిల్ కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు, 2001లోనే తన సొంత చర్చాపత్రం పెట్టి, పేట నుంచి ఏం కావాలో జనాన్ని అడిగింది.

అంటే రెండు పక్షాలూ చాలాకాలం వాక్యాల మీద వాదించుకున్నాయి. ఇది విసుగు పని, నాకు తెలుసు. మీటింగులో ఒక విశేషణం మీద గంటసేపు గడిచిపోతుంది. కానీ బొమ్మ మీద వాదన పెడితే జనం రంగు గురించి, ఎత్తు గురించి మాట్లాడతారు. వాక్యం మీద పెడితే ఎవరికి ఏం దక్కుతుంది అని అడుగుతారు. గైడెన్స్‌కు కావలసింది ఈ రెండో రకం వాదన.

తర్వాత కామ్డెన్ చేసిన పనిని మన వృత్తిలో చాలామంది పట్టించుకోరు. ఇంగ్లాండ్‌లో ప్లానింగ్ నిర్ణయం అభివృద్ధి ప్రణాళికకు, అంటే చట్టబద్ధంగా ఆమోదించిన ప్రణాళికకు, అనుగుణంగా ఉండాలి, వేరే బలమైన కారణాలు ఉంటే తప్ప. 2004 చట్టంలో సెక్షన్ 38(6) చెప్పేది ఇదే, అంతకు ముందు 1990 చట్టం కింద కూడా సూత్రం ఇదే. గైడెన్స్ అనేది ప్రణాళిక కాదు. అది నిర్ణయం తీసుకునేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమే. కొత్త విధానాన్ని గైడెన్స్ సొంతంగా పుట్టించలేదు, ప్రణాళికలో ఉన్న విధానాన్ని విడమరిచి చెప్పగలదు, అంతే. కాబట్టి పైన కొక్కెం లేకపోతే కింద ఎంత అందమైన గైడెన్స్ వేలాడదీసినా అది జారి పడుతుంది.

కామ్డెన్ ముందు ఆ కొక్కేన్ని బిగించింది. 2003లో తన ప్రణాళికలోని కింగ్స్ క్రాస్ అధ్యాయాన్ని తిరగరాసి ఆమోదించింది. 2004 ఫిబ్రవరిలో మేయర్ కెన్ లివింగ్‌స్టన్ హయాంలో వచ్చిన లండన్ ప్లాన్, అంటే నగరమంతటి ప్రణాళిక, కింగ్స్ క్రాస్‌ను అవకాశ ప్రాంతంగా, అంటే పెద్ద ఎత్తున కొత్త నిర్మాణానికి వీలున్న చోటుగా, గుర్తించింది. ఈ రెండింటి మధ్యలో, 2004 జనవరిలో, కామ్డెన్, పక్కనున్న ఇస్లింగ్టన్ కౌన్సిళ్ల ఉమ్మడి బ్రీఫ్ వెలువడింది. అప్పటి కామ్డెన్ ప్లానింగ్ డైరెక్టర్ పీటర్ బిషప్ బృందం ఈ దారిని ఎంత ఓపికగా వేసిందో ఆ తేదీలు చూస్తేనే తెలుస్తుంది. 2004 మేలో ఆర్జెంట్ అవుట్‌లైన్ (సూత్రప్రాయ) అనుమతికి దరఖాస్తు పెట్టింది. 2005లో సవరించింది. 2006 మార్చిలో కమిటీ సరే అంది, కౌన్సిల్‌తో ఒప్పందం సంతకాలయ్యాక డిసెంబర్‌లో అనుమతి చేతికొచ్చింది. రైల్వే లాండ్స్ గ్రూప్ వాళ్లు కోర్టుకు వెళ్లారు, 2007లో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది.

ఐదారేళ్లు పట్టింది కదా అని మీరనవచ్చు. నిజమే. నేను కూడా మొదట అలాగే లెక్కపెట్టాను. కానీ ఆ ఏళ్లలో రైల్వే లైను పనులే నడుస్తున్నాయి, భూమిలో చాలా భాగం ఆ పనులకు వాడుతున్నారు. ఎలాగూ ఎదురుచూడాల్సిన కాలాన్ని వాళ్లు రాయడానికి వాడుకున్నారు. నిధులు వచ్చేదాకా, భూమి ఖాళీ అయ్యేదాకా గైడెన్స్ పని మొదలుపెట్టకుండా ఆగే ఆఫీసులను చూస్తే నాకు బాధ కలిగేది అందుకే.

బిగించినవి

అవుట్‌లైన్ అనుమతి అంటే సూత్రప్రాయ అనుమతి, భవనాల వివరాలు తర్వాత ఒక్కొక్కటిగా వస్తాయి. అయితే ఎంత వదిలేయొచ్చు? ఇక్కడ రోచ్‌డేల్ అనే ఇంగ్లాండ్ ఊరి కేసుల గురించి చెప్పాలి, ఎందుకంటే పారామీటర్ ప్లాన్లు, అంటే ఎత్తు, విస్తీర్ణం లాంటి హద్దులు గీసే పటాలు, అనేవి ఎవరి సరదాకో పుట్టలేదు. 1999లో రోచ్‌డేల్‌లోని ఒక బిజినెస్ పార్క్ అవుట్‌లైన్ అనుమతిని కోర్టు రద్దు చేసింది. ఏం కడతారో చెప్పకుండా పర్యావరణ ప్రభావం ఎలా అంచనా వేశారు అన్నది ప్రశ్న. డెవలపర్ పరిమితులన్నీ రాసి మళ్లీ వచ్చాడు, 2000లో కోర్టు ఒప్పుకుంది. అంటే ఒక పెట్టె గీసి "దీన్ని దాటి పోను" అంటే, ఆ పెట్టె నిండా కట్టినా ప్రభావం ఎంతుంటుందో లెక్కకట్టొచ్చు, లోపల ఎలా కడతారన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఈ పద్ధతికి రోచ్‌డేల్ ఎన్వలప్ అనే పేరే స్థిరపడింది.

కింగ్స్ క్రాస్ అనుమతి ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. మొత్తం సుమారు 80 లక్షల చదరపు అడుగుల వరకు. ఇళ్లు సుమారు 1,900. స్థలాన్ని అక్షరాల పేర్లతో జోన్లుగా విడదీసి, ఒక్కో జోన్‌లో గరిష్ఠ ఎత్తు, గరిష్ఠ విస్తీర్ణం, భవనాల గీత ఎంత అటూ ఇటూ జరగొచ్చో రాశారు. ఎత్తుల పరిమితుల వెనక గట్టి కారణం కూడా ఉంది: ఉత్తరాన కెన్‌వుడ్, పార్లమెంట్ హిల్ నుంచి సెయింట్ పాల్స్ చర్చి గోపురం కనిపించే దారులు ఈ స్థలం మీదుగానే పోతాయి, వాటికి రక్షణ ఉంది. ఆర్జెంట్ ఎంత కోరుకున్నా అక్కడ ఆకాశహర్మ్యం లేవదు. ఇలాంటి బయటి నియమం ఉన్నప్పుడు గైడెన్స్ రాసేవాడి పని తేలికవుతుంది, బేరమే ఉండదు.

అన్నిటికంటే గట్టిగా బిగించింది వీధులూ చౌకులూ. అల్లీస్ అండ్ మారిసన్, పోర్ఫిరియోస్ సంస్థల మాస్టర్ ప్లాన్, టౌన్షెండ్ వాళ్ల ల్యాండ్‌స్కేప్. స్థలంలో దాదాపు 40 శాతం బహిరంగ జాగా. 20 కొత్త వీధులు, 10 పార్కులూ చౌకులూ, బాగుచేసిన 20 పాత కట్టడాలు. ఈ పాత కట్టడాలను కూడా నేను వీధుల లెక్కలోకే తీసుకుంటాను. గ్రానరీ, కోల్ డ్రాప్స్ (బొగ్గు దింపే షెడ్లు) ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి గనక వాటి మధ్య దారులు, ఖాళీలు వాటంతట అవే ఖాయమవుతాయి. స్టేషన్ల మధ్య నుంచి కాలువ దాటి గ్రానరీ ముందరి చౌకు దాకా పోయే కింగ్స్ బూలెవార్డ్ 2011లో తెరుచుకుంది, గ్రానరీ స్క్వేర్ 2012లో. ఆ చుట్టూ అప్పటికి చాలా ప్లాట్లు ఇంకా గుంతలే. అయినా జనం నడవడం మొదలుపెట్టారు, పిల్లలు 1,080 ఫౌంటెన్ ధారల మధ్య తడుస్తూ ఆడారు. భవనాలు వచ్చేసరికి దారులు పాతబడి అలవాటైపోయాయి. ఫేజింగ్, అంటే ఏది ముందు ఏది తర్వాత కట్టాలన్న వరస, అనే మాటను మేం డాక్యుమెంట్లలో చాలా యాంత్రికంగా రాస్తాం, అక్కడ నిలబడి చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది: ముందు వీధి కడితే ఆ వీధిని తర్వాత ఎవరూ తీసేయలేరు.

వదిలేసినవి

బ్రీఫ్ వెలువడినప్పుడు గ్రానరీలోకి ఎవరు వస్తారో ఖాయం కాలేదు. "ఇది మ్యూజియం" అనో "ఇది షాపింగ్" అనో ఎవరూ ముద్ర వేయలేదు. పాత కట్టడాలకు జనం వచ్చిపోయే వాడకం ఉండాలి, పేటకు అది గుండెకాయలా ఉండాలి అన్న దిశ మాత్రం ఉంది. చివరికి సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కళాశాల వచ్చింది, 2011లో. 2008లో ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చి లండన్‌లో క్రేన్లు ఆగిపోతున్నప్పుడు ఈ పేటలో పని ఆగకపోవడానికి పెద్ద కారణం ఈ కళాశాల భవనమే అని నా అభిప్రాయం. ఆఫీసుల మీదే నిలబడిన 1980ల ప్లాన్ అయితే మరోసారి కూలేది.

వాడకాల మధ్య కూడా విడుపు ఉంది. ఆఫీసు, ఇల్లు, దుకాణం, హోటల్, ఒక్కోదానికి గరిష్ఠ పరిమితులు ఇచ్చి, సుమారు 20 శాతం వరకు అటూ ఇటూ మార్చుకునే వీలు పెట్టారు. గూగుల్ 2013లో వచ్చింది, తన డిజైన్‌ను మధ్యలో వదిలేసి మళ్లీ కొత్తది తెచ్చింది, 330 మీటర్ల పొడవున్న ఆ భవనానికి 2017లో అనుమతి వచ్చింది. అంత పొడవు గోడ ఆ వీధి వెంట నాకు నచ్చలేదు, కింద దుకాణాలు పెట్టినా సరే. కానీ వీధి అక్కడే ఉంది, వెడల్పు అంతే ఉంది. కట్టేవాళ్లు మారినా, డిజైన్లు మారినా చట్రం కదల్లేదు.

1850, 60ల్లో కట్టిన బొగ్గు షెడ్లు 2018లో కోల్ డ్రాప్స్ యార్డ్ పేరుతో దుకాణాలయ్యాయి. రైల్వే పనుల కోసం 2001లో విప్పేసిన మూడు గ్యాస్‌హోల్డర్ల ఇనప చట్రాలను మళ్లీ నిలబెట్టి వాటి లోపల ఇళ్లు కట్టారు. మరో చట్రం లోపల పార్కు వేశారు. 2015లో ప్రాథమిక పాఠశాల తెరిచారు, వినికిడి లోపమున్న పిల్లల కోసం నడిచే ఫ్రాంక్ బార్న్స్ స్కూలు కూడా అదే భవనంలో ఉంది. ఇద్దరు పిల్లలు ఒకరు చేతులతో, ఇంకొకరు నోటితో మాట్లాడుకుంటూ బయటకు రావడం చూశాను. ఒప్పందంలో ఒక వరుసగా ఉన్న "విద్యా సదుపాయం" అంటే ఇది.

పట్టు జారిన చోట్లు

ఇళ్ల సంగతికి వస్తాను. 1,900 ఇళ్లలో ఎన్ని అందుబాటు ధర ఇళ్లు ఉండాలన్నది 2006 నాటి సెక్షన్ 106 ఒప్పందంలో రాశారు. సెక్షన్ 106 అంటే 1990 ప్లానింగ్ చట్టం కింద డెవలపర్‌కూ కౌన్సిల్‌కూ మధ్య జరిగే ఒప్పందం. స్కూలు, శిక్షణ కేంద్రం, ఉద్యోగాలు, ఇళ్లు, ఇవన్నీ అందులోకే వెళ్తాయి. ఒప్పందం గట్టిదే, కోర్టులో నిలుస్తుంది. అయితే ఒప్పందం అంటే ఇద్దరూ ఒప్పుకుంటే మార్చుకునేది కూడా. ఇళ్ల సంఖ్య ప్రభుత్వ గ్రాంట్ల లెక్కతో ముడిపడి ఉంది. 2010 తర్వాత కేంద్ర ప్రభుత్వం ఇళ్ల నిధులను బాగా తగ్గించింది, 2011 నుంచి మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా వసూలు చేసుకోవచ్చన్న కొత్త రకం "అఫర్డబుల్ రెంట్" వచ్చింది. 2015లో కామ్డెన్ ఒప్పందాన్ని సవరించి అందుబాటు ధర ఇళ్లను తగ్గించింది, మొత్తం ఇళ్లలో దాదాపు మూడో వంతుకు. అప్పటికి లండన్ ప్లాన్ మొదట్లో పెట్టుకున్న 50 శాతం లక్ష్యం చాలా దూరంలో ఉండిపోయింది.

అదే సమయంలో ఒక్క వీధి కూడా సన్నబడలేదు, ఒక్క చౌకు కూడా చిన్నది కాలేదు. దీన్ని నేను చాలాసేపు ఆలోచించాను. వీధి పారామీటర్ ప్లాన్ మీద గీతగా ఉంది, దాన్ని కదిపితే అనుమతినే తిరగదోడాలి, పర్యావరణ అంచనా మళ్లీ చేయాలి, జనాన్ని మళ్లీ అడగాలి. ఇళ్ల సంఖ్య ఒప్పందంలో అంకెగా ఉంది, దాన్ని మార్చడానికి సవరణ పత్రం చాలు. వీధిని మార్చడం ఖరీదైన పని, ఇళ్ల సంఖ్యను మార్చడం అంత ఖరీదు కాదు. ఈ తేడాను ఎవరో కుట్రతో పెట్టారని నేను అనడం లేదు. బొమ్మలో కనిపించే వాటిని గీతలుగా బిగించడం మా వృత్తికి బాగా తెలుసు. మనుషులకు దక్కాల్సిన వాటిని ఆపాటి గట్టిగా బిగించడం మేమింకా సరిగా నేర్చుకోలేదు. నాకు ఈ కేసులో నిద్రపట్టనివ్వని విషయం ఇదే.

రెండోది బహిరంగ జాగా యాజమాన్యం. గ్రానరీ స్క్వేర్‌లో ఎవరైనా నడవొచ్చు, కూర్చోవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు. కానీ ఆ నేల ప్రైవేటు ఎస్టేట్‌ది, నిర్వహణ వాళ్లది, కాపలా వాళ్లది. శుభ్రంగా ఉంటుంది, అది నిజం, చాలా కౌన్సిళ్లు అంత బాగా ఉంచలేవు. అయితే 2019లో ఆ ఎస్టేట్ కెమెరాల్లో ముఖాలను గుర్తుపట్టే సాంకేతికత వాడారని బయటపడింది. సమాచార కమిషనర్ కార్యాలయం విచారణ మొదలుపెట్టింది. రోజూ ఆ దారిలో స్టేషన్‌కు నడిచిన మనిషిని ఎవరూ అడగలేదు. బ్రీఫ్‌లో చౌకు ఎంత పెద్దదిగా ఉండాలో ఉంది, ఎంత అందంగా ఉండాలో ఉంది. అందులో నిలబడిన మనిషికి ఏ హక్కులుండాలి, ఫోటో తీసుకోవచ్చా, కరపత్రం పంచవచ్చా, నిఘా పెడితే ఎవరికి చెప్పాలి అన్నది 2004 నాటి గైడెన్స్ రాసేవాళ్లకు ప్రధాన విషయంగా తోచలేదు. ఇప్పుడు తోచకపోతే మాత్రం మనదే తప్పు.

ఇస్లింగ్టన్ వైపున్న త్రికోణ స్థలం గురించి రెండు మాటలు. ఉమ్మడి బ్రీఫ్ ఉన్నా ఇస్లింగ్టన్ ఆ ముక్కకు అనుమతి ఇవ్వలేదు, 2008లో అప్పీల్‌లో డెవలపర్ గెలిచాడు. రెండు కౌన్సిళ్లు కలిసి సంతకం పెట్టినంత మాత్రాన రెండింటి రాజకీయాలు ఒకటి కావు.

నైట్‌క్లబ్బులు 2008 మొదలయ్యేసరికి మూతపడ్డాయి. తక్కువ అద్దెతో బతికే వాడకాలు పునరుద్ధరణలో ఎప్పుడూ ముందు పోతాయి. వాటికి ఎక్కడో ఒక చోట నీడ ఇవ్వాలని బ్రీఫ్ రాసే రోజునే నిర్ణయించుకుంటే తప్ప తర్వాత తిరిగి రావు.

మరో పేటకు ఇది పనికొస్తుందా

చాలా ప్రెజెంటేషన్లలో కింగ్స్ క్రాస్ ఫోటోలు చూపించి "మనమూ ఇలా చేద్దాం" అంటారు. నేను వెంటనే అడిగేది, మీ స్థలంలో ఎంతమంది ఉంటున్నారు? కింగ్స్ క్రాస్‌లో దాదాపుగా గోదాములూ పట్టాలూ గ్యాస్ ట్యాంకులూ ఉన్నాయి, ఇళ్లు కొద్దిగానే. ఖాళీ చేయించాల్సిన కుటుంబాలు వేలల్లో లేవు.

లండన్‌లోనే దక్షిణాన ఎలిఫెంట్ అండ్ కాజిల్ ఉంది. అక్కడా 2004లోనే గైడెన్స్ వచ్చింది. కానీ అక్కడ హేగేట్ ఎస్టేట్ అనే కౌన్సిల్ ఇళ్ల సముదాయంలో వెయ్యికి పైగా ఇళ్లలో జనం బతుకుతున్నారు. వాళ్లు ఊరంతా చెదిరిపోయారు, 2014 నాటికి కూల్చివేత ముగిసింది, ఆ నేల మీద కొత్తగా వచ్చిన వేల ఇళ్లలో సోషల్ రెంట్‌వి, అంటే ప్రభుత్వ తరహా తక్కువ అద్దెకిచ్చేవి, పాతవాటితో పోలిస్తే చిన్న భాగమే. అక్కడ కూడా వీధులు చక్కగానే గీశారు, చెట్లు కాపాడారు. బతుకుతున్న పేటలో బిగించాల్సిన మొదటి గీత ఇప్పుడున్న మనిషికి తిరిగి వచ్చే హక్కు. అదే అద్దెకు, అదే పేటలో, ఏ తేదీలోపు. దాని తర్వాతే వీధి.

యజమానుల సంఖ్య కూడా అంతే ముఖ్యం. ఇద్దరు యజమానులతో ఒక పారామీటర్ ప్లాన్ కుదురుతుంది. నలభైమంది ఉంటే ఒక్కొక్కరు తమ ప్లాట్‌లో పెట్టె నింపి, చౌకు పక్కవాడి స్థలంలో రావాలంటారు. అలాంటప్పుడు గైడెన్స్‌లో వీధుల ఖర్చు, పార్కు భూమి ఎవరెంత భరించాలో పంచే సూత్రం లేకపోతే ఎంత మంచి చట్రమైనా మొదటి దరఖాస్తుతోనే విరిగిపోతుంది. కింగ్స్ క్రాస్ బ్రీఫ్‌లో ఆ సూత్రం వెతికితే దొరకదు, ఎందుకంటే వాళ్లకు దాని అవసరం పడలేదు.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఫ్రేమ్‌వర్క్ మొదలుపెట్టేటప్పుడు బొమ్మల బృందాన్ని మొదటి నెలల్లో పిలవడం లేదు. ముందు ఒక పెద్ద కాగితం గోడకు అంటించి, పేటలో మాకు కావలసిన ప్రతిదాన్నీ ఒక వరుసలో రాస్తాం. పక్కన మూడు ప్రశ్నలు. ఇది మార్కెట్ పడిపోయినా ఉండాలా? ఇది ఏ డాక్యుమెంట్‌లో ఉంటే నిలుస్తుంది, ప్రణాళికలోనా, గైడెన్స్‌లోనా, అనుమతి షరతులోనా, ఒప్పందంలోనా? దీన్ని మార్చాలంటే ఎవరి సంతకం కావాలి, ఎవరికి ముందుగా తెలియాలి? మూడో గడి దగ్గరే ఎక్కువ సమయం పోతుంది. ఇళ్ల సంఖ్య ఎదురుగా "ఇద్దరు అధికారుల సంతకం" అని రాసి ఉంటే, చౌకు వెడల్పు ఎదురుగా "కమిటీ, జనాభిప్రాయం, కొత్త అంచనా" అని ఉంటే, ఆ రెండూ పక్కపక్కన కనబడగానే గదిలో ఉన్నవాళ్లందరికీ విషయం అర్థమైపోతుంది.

నేను ఇప్పుడు రాస్తున్న డ్రాఫ్ట్‌లో ఇళ్ల విషయం ఒప్పందంలోని అంకెగా వదిలేయకుండా దశలకు కట్టాను: ఒక దశలో ఇన్ని అందుబాటు ధర ఇళ్లు చేతికివ్వకపోతే తర్వాతి దశలో ఆఫీసుల్లోకి ఎవరూ అడుగుపెట్టకూడదు. కింగ్స్ క్రాస్‌లో వీధికి దొరికిన రక్షణను ఇంటికి తీసుకురావాలన్న ప్రయత్నం ఇది. తగ్గించాలంటే బహిరంగ నోటీసు, కమిటీలో ఓటు తప్పనిసరి అనే వాక్యం కూడా పెట్టాను. డెవలపర్ తరఫువాళ్లు బ్యాంకులు అప్పివ్వవని టెన్షన్ పడుతున్నారు, దశలను ఇంకా చిన్నవి చేస్తే కుదురుతుందేమో అని లెక్కలు వేస్తున్నాం. చౌకుల్లో హక్కుల గురించి ఒక పేజీ వేరుగా రాశాను, నడిచే హక్కు, కూర్చునే హక్కు, గుమిగూడే హక్కు, నిఘా పెడితే ముందే బోర్డు పెట్టి కౌన్సిల్‌కు చెప్పాల్సిన బాధ్యత. దాన్ని గైడెన్స్‌లోంచి తీసి అనుమతి షరతుల్లోకి ఎక్కించవచ్చా అని మా లాయర్‌ను అడిగాను. వచ్చే వారం కూర్చుంటున్నాం.